ఎనిమిదో ఎక్కంలో ఒకటి తక్కువ

మే 23

బుడంకాయ వాళ్ళమ్మకు,

ఇక్కడ ఇద్దరం క్షేమం. ఒకరికి జలుబు, ఒకరికి లెక్కలు. అవి తప్ప ఇంట్లో వేరే జబ్బులేమీ లేవు. నువ్వూ నీ నీళ్ళ ట్యాంకులూ కులాసాగా ఉన్నారని తలుస్తాను.

మొన్న ఫోనులో నువ్వన్న మాటకు జవాబుగా ఇది రాస్తున్నాను. అప్పుడే చెప్పేవాణ్ణి. కానీ మీ శిక్షణ కేంద్రం వాళ్ళు నీకు సెలవిచ్చేది ఎనిమిది రోజులకొకసారి, ఆ రోజు ఫోను దగ్గర నీకిచ్చేది పది నిమిషాలు. అందులో తొమ్మిది నీ కూతురివే. నువ్వు ఎనిమిదో ఎక్కం అడగడం, అది తప్పు చెప్పడం, నువ్వు మొదటి నుంచి చివరిదాకా రాగం తీసి చెప్పడం, అది నీ వెనకే అనడం. ఫోను నా చేతికి వచ్చేసరికి నీ వెనక వరసలో ఉన్నవాళ్ళ దగ్గులు వినిపిస్తుంటాయి. బాగున్నావా, బాగున్నా, పెట్టేస్తున్నా. మన కాపురం నాలుగు నెలలుగా ఈ మూడు మాటల మీద నడుస్తోంది. నేను ఫిర్యాదు చేయడం లేదు, ఉన్నది చెబుతున్నాను.

నువ్వన్నది ఇదీ. బుడంకాయని లెక్కల పీరియడ్‌కి కింది తరగతి పిల్లలతో కూర్చోబెడితే, మర్నాడే పెట్టె సర్దుకుని వచ్చేస్తానన్నావు. పిల్ల పాడైపోయాక నాకెందుకీ ఉద్యోగం అన్నావు. నీకు కోపం వచ్చినప్పుడు నిజంగానే చేసేస్తావని నాకు తెలుసు. అందుకే ముందు నాకు తెలిసిన సంగతులు రాస్తాను, కోపం తర్వాత పడుదువుగాని.

నీ శిక్షణ 240 రోజులు. ఈ రోజుకు 138 అయ్యాయి. మధ్యలో వదిలి వస్తే అయినవి లెక్కలోకి రావు, మళ్ళీ ఒకటో రోజు నుంచే. తర్వాతి బ్యాచ్ ఎప్పుడో మీ పెద్దసారుకే తెలియదు. ఆరేళ్ళు పంపు హౌస్‌లో రోజు కూలికి వాల్వులు తిప్పావు. శిక్షణ పూర్తయితే నీళ్ళ శుద్ధి కేంద్రంలో ఆపరేటరు కుర్చీలో కూర్చుంటావు. వదిలేస్తే మళ్ళీ వాల్వులే.

ఇక పిల్ల సంగతి. ఈ ఏడు బడి ఆలస్యంగా మొదలై ఎండాకాలం సెలవులు లేకుండా నడుస్తోంది కదా, లెక్కల టీచరు చీటీ పంపితే వెళ్ళి కలిశాను. ఆమె గట్టి మనిషే గానీ చెడ్డది కాదు. మూడో తరగతి దాటాలంటే పదో ఎక్కం దాకా తడుముకోకుండా రావాలి, మీ అమ్మాయికి ఎనిమిదోది తప్ప అన్నీ వచ్చు, ఎనిమిదోది మాత్రం ఒక్క మెట్టు కూడా ఒప్పు చెప్పదు అంది. జూన్ 20న అందరికీ నోటి పరీక్ష ఉందట. అప్పటికీ ఇలాగే చెబితే కింది తరగతే అంది.

ఇంటికొచ్చి నేనే పరీక్ష పెట్టాను. నా ఉద్యోగం నీకు తెలిసిందే. మీటరు మీద ఏ అంకె కనబడితే అదే రాయాలి. ఇల్లు తాళం వేసి ఉంటే తాళం అని రాయాలి తప్ప, పోయిన నెల ఇంత కదా అని అంచనా రీడింగు వేయకూడదు. అందుకని విన్నది విన్నట్టు రాసుకున్నాను.

రెండు నుంచి ఏడు దాకా అన్నీ ఒప్పు. తొమ్మిది ఒప్పు. పది ఒప్పు. ఎనిమిదో ఎక్కం మాత్రం ఇలా చెప్పింది: 7, 15, 23, 31, 39, 47, 55, 63, 71, 79.

చూశావా? పదికి పదీ తప్పే. కానీ అన్నీ ఒకేలా తప్పు. ప్రతిదానిలోనూ ఒకటి తక్కువ. రాని పిల్ల ఇలా చెప్పదు. రాని పిల్ల ఒకచోట నలభై అంటుంది, ఇంకోచోట నోరు తెరిచి చూస్తుంది.

గుండీల డబ్బా ముందు పెట్టి ఎనిమిదేసి గుండీలు ఎనిమిది కుప్పలు పోయించాను. లెక్కపెట్టి అరవై నాలుగు అంది. సరే, ఎనిమిదెనిమిదుల ఎంత అన్నాను. అరవై మూడు అంది. ఇప్పుడే కదే అరవై నాలుగన్నావు అంటే, గుండీలు వేరు, ఎక్కం వేరు నాన్నా అంది. ముఖంలో నవ్వు లేదు. నాకూ రాలేదు.

జూన్ 20 దాకా పెట్టె సర్దకు. ఈ లోపు సంగతేమిటో కనుక్కుంటాను.

ఇట్లు,
మీటరాయన

&nbsp;

జూన్ 8

బుడంకాయ వాళ్ళమ్మకు,

మేం క్షేమం. జలుబు తగ్గింది. రెండో జబ్బు కూడా తగ్గింది. నువ్వు ఈ ఉత్తరం కూర్చుని చదువు.

నిన్న మధ్యాహ్నం పరుపు దూది ఏకించి తెచ్చాను. దాన్ని చుట్ట చుట్టి రెండు చేతులతో పొట్టకు అదుముకుని మెట్లెక్కుతున్నాను. కాళ్ళు కనబడవు. అందుకని, నువ్వు పిల్లని ఎక్కించినట్టు లెక్కపెట్టుకుంటూ వెళ్ళాను. ఒకటి, రెండు, మూడు. ఏడు తర్వాత ఎనిమిదో మెట్టు ఉందనుకుని కాలెత్తి వేశాను. అక్కడ మెట్టు లేదు, మలుపు వచ్చేసింది. కాలు దబ్బున చప్టా మీద పడింది. పరుపు ముందు, నేను వెనక, ఇద్దరం గోడకి ఆనుకున్నాం. కింద ఇస్త్రీ షాపాయన చూసి, ఏం సారూ, పరుపు ఇంటిదాకా తీసుకెళ్ళే ఓపిక లేదా, అక్కడే పడుకుంటున్నారా అన్నాడు.

పరుపు అక్కడే వదిలి కిందికి దిగి లెక్కపెట్టాను. మన ఇంటికి ఆరు వరసలు ఎక్కాలి కదా, వరసకు ఎనిమిది మెట్లు. ఐదు వరసలకు ఎనిమిదీ ఉన్నాయి. వీధిలోంచి మొదలయ్యే మొదటి వరసకు ఏడే ఉన్నాయి.

ఇస్త్రీ షాపాయన దగ్గర స్క్రూడ్రైవరు అడిగి తీసుకుని కింద రోడ్డు అంచున గీకాను. అర అంగుళం తారు లేచాక ఎర్ర రంగు అంచు కనబడింది. మొదటి మెట్టు. రోడ్డు మీద రోడ్డు వేసుకుంటూ పోయారు, మెట్టు లోపలికి పోయింది. ఇన్నాళ్ళూ రోజుకు నాలుగుసార్లు దాని నెత్తి మీద తొక్కుకుంటూ తిరుగుతూ ఎవరం చూసుకోలేదు.

ఇప్పుడు నువ్వు నేర్పిన పద్ధతి గుర్తు చేసుకో. రెండో ఎక్కం రెండేసి మెట్లు, నాలుగోది నాలుగేసి మెట్లు, ఎనిమిదోది మలుపు మలుపుకీ. మొదటి మలుపు దగ్గర ఎనిమిదొకట్ల, రెండో మలుపు దగ్గర ఎనిమిది రెళ్ళు, అలా డాబా దాకా. నువ్వెళ్ళాక నేను పిల్లతో ఎక్కడం మానేశాను. పొద్దున్నించీ ఊళ్ళో వాళ్ళ మెట్లన్నీ ఎక్కి దిగేవాడికి సొంత మెట్ల మీద పాటలు పాడే ఓపిక ఉండదు. అదొక్కతే ఎక్కుతోంది. కాళ్ళు లెక్కపెట్టినంతే చెబుతోంది. మొదటి మలుపు 7, రెండోది 15, మూడోది 23. నా కాగితం తీసి చూశాను. అంకె అంకె సరిపోయింది.

మీటరు బాగానే ఉంది, కనెక్షన్లోనే తేడా. మా ఆఫీసులో ఇలాంటిది పట్టుకుంటే ఆ రోజుకు ఆ మనిషి రాజు.

బుడంకాయ బడి నుంచి రాగానే చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి చూపించాను. వంగి ఎర్ర అంచు మీద వేలు పెట్టి చూసింది. నీ తప్పు కాదమ్మా, రోడ్డు తప్పు అన్నాను. ఇస్త్రీ షాపాయన కూడా, మా బుడంకాయ మార్కులు రోడ్డు మింగేసిందా అని నవ్వాడు. అది నవ్వలేదు. ఈ మెట్టుని తవ్వి బయటికి తీస్తారా అని అడిగింది. తీయరు అన్నాను. మరైతే నేనిప్పుడు ఎనిమిదే చెప్పాలా అంది. చెప్పాలి కదా అన్నాను. ఎర్ర అంచు మీంచి వేలు తీసి, సరే అంది. గంతులేస్తుందనుకున్నాను. వేయలేదు. సిగ్గుపడిందనుకుంటాను.

సాయంత్రం అడిగాను. ఎనిమిదొకట్ల ఎనిమిది నుంచి ఎనిమిది పదుల ఎనభై దాకా ఒక్క ఊపిరిలో చెప్పేసింది. ఒక్కటి తప్పితే ఒట్టు.

ఈ పొద్దున టీచరుకు కూడా చెప్పాను. ఆమె కళ్ళజోడు తీసి తుడుచుకుని, ఇరవై రెండేళ్ళుగా పాఠం చెబుతున్నాను, కుక్క పుస్తకం తినేసిందని విన్నాను, కరెంటు పోయిందని విన్నాను, మెట్టు భూమిలోకి పోయిందని ఇదే వినడం అంది. అయినా పరీక్ష పరీక్షే, 20న చెప్పమనండి అంది. న్యాయమే.

14న నీ ఫోను కదా. అడిగి చూడు. నీ చెవులతో విను.

ఇట్లు,
ఈ పూటకు రాజు

&nbsp;

జూన్ 23

బుడంకాయ వాళ్ళమ్మకు,

ఇద్దరం బాగున్నాం. నిన్న ఫోనులో ముఖ్యమైనది విన్నావు కనుక ఈసారి నువ్వు కూర్చోకుండా కూడా చదవొచ్చు. నిన్న అది పక్కనే నిలబడి ఉండటం వల్ల చెప్పలేనివి కొన్ని మిగిలాయి. అవి రాస్తాను.

14న నువ్వు అడిగావు, అది గడగడా చెప్పింది. నువ్వు శభాష్ నా తల్లీ, నాన్నకివ్వు అన్నావు. తర్వాత ఎనిమిది నిమిషాలు మనం మాట్లాడుకున్నాం. కుళాయి వాషరు గురించి, నీ నైట్ డ్యూటీ గురించి, నీ గదిలో గురక పెట్టే ఆవిడ గురించి. జనవరి తర్వాత మనం అంతసేపు మాట్లాడుకోవడం అదే మొదలు. నాకు బాగుంది. దాచడమెందుకు.

మర్నాడు బడి నుంచి మళ్ళీ చీటీ వచ్చింది. నీకు రాయలేదు, రాస్తే పెట్టె సర్దుతావని. ఇంట్లో అడిగితే ఇలా చెప్పింది: 9, 17, 25, 33, 41, 49, 57, 65, 73, 81.

ఈసారి ప్రతిదానిలోనూ ఒకటి ఎక్కువ.

నాకు నిజంగా తల తిరిగింది. పూడిపోయిన మెట్టుని రెండుసార్లు లెక్కేస్తోందేమో అనుకున్నాను. చేయి పట్టుకుని మెట్లెక్కించాను, దించాను, మళ్ళీ ఎక్కించాను. నాలుగు రోజులు మా కాళ్ళు పడ్డ పాటు కాళ్ళకే తెలుసు. రెండో అంతస్తు పెద్దాయన తలుపు తీసి, బాబూ మీరు ఇల్లు మారుతున్నారా అని అడిగాడు. మెట్ల మీద తొమ్మిది, పదిహేడు. గదిలో తొమ్మిది, పదిహేడు. నా గొంతు కూడా పెరిగింది. చెప్పుకోవాలి కనుక చెబుతున్నాను, 18న గుండీల డబ్బా విసిరికొట్టాను. ఇప్పటికీ మంచం కింద ఊడిస్తే గుండీలే వస్తున్నాయి.

19 సాయంత్రం దాన్ని ఎదురుగా కూర్చోబెట్టుకుని ఉన్న సంగతి చెప్పేశాను. ఇది నిన్ను అడగకుండా చేసిన పని. రేపు నువ్వు తప్పు చెబితే నిన్ను కింది తరగతిలో కూర్చోబెడతారు, అప్పుడు అమ్మ అక్కడ అన్నీ వదిలేసి వచ్చేస్తుంది అన్నాను. భయపెడదామనే అన్నాను. అనేశాక గానీ నాకు తట్టలేదు, ఇది దానికి భయం కాదు, బహుమతి అని. నాలుక కరుచుకున్నాను.

అది, అమ్మకి ఉద్యోగం ఇస్తారా మరి అని అడిగింది. ఇవ్వరు అన్నాను. అయిన రోజులు ఉంటాయా అంది. ఉండవు, మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెట్టాలి అన్నాను. మొత్తం రెండువందల నలభైయ్యా అంది. మొత్తం అన్నాను. లేచి లోపలికి వెళ్ళి పుస్తకాలు సర్దుకుంది.

20న పరీక్ష. నేను ఆ వీధిలోనే రీడింగులు తీసుకుంటూ ఇంటర్వెల్‌కి వెళ్ళాను. టీచరు వరండాలోకి వచ్చి చెప్పింది. ఎనిమిదో ఎక్కం పైనుంచి కిందికి, కిందినుంచి పైకి, మధ్యలోంచి అడిగినా ఒక్కటి తప్పలేదట. మీరేం చేశారండీ అని అడిగింది. మెట్లెక్కించానండీ అన్నాను. ఆ మాట నిజమే కదా.

నిన్న నీకదే చెప్పింది. పాసయ్యానమ్మా అంది. నువ్వు ఏడ్చినట్టున్నావు. శభాష్, నాన్నకివ్వు అన్నావు. ఇచ్చేసింది.

కాబట్టి పరీక్ష అయిపోయింది, కింది తరగతి లేదు, నువ్వు పెట్టె సర్దే పని లేదు. మిగతా రోజులు నిశ్చింతగా నీ వాల్వులు, క్లోరిన్ లెక్కలు చూసుకో. ఎక్కాల సంగతి నేను చూసుకుంటాను.

ఇట్లు,
మీటరాయన

తా.క.

కవరు అంటించలేదు కనుక సాయంత్రం మళ్ళీ రాస్తున్నాను. పైన రాసిన వాటిలో అబద్ధం ఒక్కటీ లేదు. కానీ పైన రాసినది తప్పు.

లోపలి గది తలుపు గడియ వదులై నాలుగు రోజులుగా చప్పుడు చేస్తోంది. ఈ సాయంత్రం బిగిద్దామని తలుపు మూశాను. ఆ తలుపు మనం ఎప్పుడూ గోడకి ఆనించే ఉంచుతాం కదా, దాని వెనకవైపు నేను చూసి ఎన్నాళ్ళయిందో. పెన్సిలుతో అంకెలున్నాయి. కింద నుంచి పైకి, ఒకదాని మీద ఒకటి, నిలువుగా.

8, 16, 24, 32, 40, 48. అలా 80 దాకా. అక్కడ ఆగలేదు. 88, 96, 104. చివరిది 168. మొత్తం ఇరవై ఒక్క అంకెలు. ఒక్కటీ తప్పు లేదు. బళ్ళో నేర్పేది పది దాకానే.

168 ఏమిటో నాకు అర్థం కావడానికి కాసేపు పట్టింది. నిన్నటికి నువ్వెళ్ళి 168 రోజులు. ఇవి నీ ఫోను రోజులు.

ప్రతి అంకె పక్కన చిన్న గడి గీసి ఇంకో అంకె వేసి ఉంది. నేను రోజంతా చూసేది ఇలాంటి పట్టికలే, రీడింగు ఒక గడి, వాడకం ఒక గడి. చదవడం కష్టం కాలేదు. 8 పక్కన 3. 16 పక్కన 2. 24 పక్కన 3. 32 పక్కన 9. అక్కడినుంచి 9, 9, 8, 9, జూన్ 6 దాకా అంతే. 160 పక్కన 2. 168 పక్కన 2.

అవి నిమిషాలు. ఫోనులో నువ్వు దానికి దక్కిన నిమిషాలు.

పిలిచి అడిగాను. ఈసారి గొంతు పెంచలేదు. మొదట కాలి బొటనవేలితో నేల రాసింది, తర్వాత మొత్తం చెప్పింది. ఫిబ్రవరిలో ఒకరోజు ఎనిమిదేడుల దగ్గర నిజంగానే మరిచిపోయిందట. నువ్వు మొదటి నుంచి చివరిదాకా చెప్పావట, మెట్ల మీద చెప్పినట్టే, మలుపు దగ్గర సాగదీస్తూ. నీ వెనక వరసలో ఎవరో నవ్వారట, నువ్వు ఆపలేదట. ఆ రోజు తొమ్మిది నిమిషాలు. ఒప్పు చెబితే నాన్నకివ్వు అంటావు, తప్పు చెబితే మొత్తం చెబుతావు అంది.

మరి ఒకటి తక్కువే ఎందుకు అన్నాను. ఏదో ఒక తప్పు చెబితే మళ్ళీ అదే తప్పు గుర్తుండదు కదా, ఒకటి తక్కువైతే తేలిక అంది. బళ్ళో ఎందుకు తప్పు చెప్పావంటే, నాకు వచ్చని టీచరు నీకు చెప్పేస్తే అమ్మకి తెలిసిపోదా అంది. ఒకటి ఎక్కువ ఎందుకన్నాను. ఒకటి తక్కువకి నువ్వు మెట్టు కనిపెట్టేశావుగా నాన్నా అంది. ఇన్ని ఎక్కాలుండగా ఎనిమిదోదే ఎందుకన్నాను. అదైతే ఎన్నిసార్లు తప్పు చెప్పినా మరిచిపోను కదా, తలుపు మీద ఉంది అంది.

అది అన్నం తింటుండగా నేను చేయాల్సిన పని చేశాను, పదిహేను రోజుల కిందట చేసి ఉండాల్సింది. కిందికి దిగి ఇస్త్రీ షాపాయనను రోడ్డు ఎప్పుడు వేశారని అడిగాను. ఏప్రిల్ రెండో వారం, ఎవరిదో తెల్లచొక్కా మీద తారు పడి గొడవైంది, మరిచిపోతానా అన్నాడు. పిల్ల బడి పుస్తకం తీసి చూశాను. ఎనిమిదో ఎక్కానికి మొదటి ఎర్రగీత ఫిబ్రవరి 9. మెట్టు పూడిపోవడానికి రెండు నెలల ముందు నుంచే ఒకటి తక్కువ. పాత రీడింగు చూడకుండా కొత్త రీడింగు మీద సంతకం పెట్టాను. కొత్తగా చేరిన కుర్రాళ్ళని ఇదే తప్పుకి నేను తిడుతుంటాను. తాళం వేసిన ఇంటికి అంచనా రీడింగు వేసి, ఈ పూటకు రాజు అని నీకు రాశాను.

20న అది ఒప్పు చెప్పడానికి కారణం మెట్లు కాదు. మెట్ల వల్ల ఏమీ జరగలేదు. ఒప్పు చెబితే తనకి రెండు నిమిషాలే అని తెలుసు. తప్పు చెబితే నువ్వు వచ్చేస్తావని కూడా నేనే చెప్పాను. రెండూ తెలిసే చెప్పింది.

ఈ సంగతి నీకు రాయనా వద్దా అని దాన్నే అడిగాను. అమ్మ తిడుతుందా అంది. తెలియదన్నాను. పెట్టె సర్దుతుందా అంది. అదీ తెలియదన్నాను. ఆలోచించి, రాయి, కానీ ఎనిమిదో ఎక్కం నాకు ఎప్పుడూ వచ్చు అని కూడా రాయి అంది. రాశాను.

జూన్ 30న నీ ఫోను. ఆ రోజు ఏమీ అడక్కు. నువ్వే మొదలుపెట్టి పన్నెండో ఎక్కం చెప్పు, మొదటి నుంచి చివరిదాకా. అది దానికి నిజంగా రాదు, అడిగి చూశాను. నేను వాషరు సంగతి ఉత్తరంలో రాస్తాను.

ఇంకొకటి. గడియ బిగించాక తలుపు తీస్తుంటే ఇంకాస్త పైన చూశాను. స్టూలు ఎక్కి రాసినట్టుంది. 176 నుంచి 232 దాకా ముందే రాసిపెట్టుకుంది, నిమిషాలకి ఖాళీ గడులు గీసుకుంది. అవి ఎనిమిది. అన్నిటికంటే పైన 240 ఉంది.

దాని పక్కన గడి గీయలేదు.